పాత కంప్యూటరులో లినక్స్ ఇన్‌స్టాల్ కాకపోతే: ఆగిన చోటును బట్టి కారణం కనుక్కోవడం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం ఉండాలి, గుర్తింపు ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌కు వీలుండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా 8వ తరం నుంచి మొదలయ్యేది కావాలి. దీంతో అన్ని విధాలా బాగా నడుస్తున్న కోర్ టూ డ్యుయో, రెండో తరం ఐ3, నాలుగో తరం ఐ5 కంప్యూటర్లు ఎన్నో ఒక్కసారిగా దిక్కులేనివయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం లినక్స్‌తో ఇంకొన్నేళ్లు పనికొస్తాయి. కాకపోతే పాత యంత్రంలో ఇన్‌స్టాలేషన్ మొదటిసారే సాఫీగా సాగకపోవచ్చు. ఎక్కువ మందికి చిక్కు ఎదురయ్యేది అక్కడే కాబట్టి ఈ వ్యాసం ఆ దశకే పరిమితం. లినక్స్ డిస్ట్రోలనే రకరకాల రూపాల్లో దొరుకుతుంది. ఉదాహరణలు వాటిలో ఒకటైన డెబియన్ నుంచి తీసుకున్నాను. మింట్, లుబుంటు వాడేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

ఇన్‌స్టాలేషన్ ఆగిపోగానే చాలామంది వెంటనే మరో డిస్ట్రో దించుకుంటారు, అదీ ఆగిపోతే ఇంకొకటి దించుకుంటారు. ఈ డిస్ట్రోలన్నిటి అడుగున ఉన్నది ఒకే లినక్స్ కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగం) కనుక, కారణం తెలియకుండా ఎన్ని మార్చినా యంత్రం తరచుగా అదే చోట మొరాయిస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచి అసలు బూటే కాకపోవడం, మెనూ వచ్చాక స్క్రీన్ నల్లబడిపోవడం, హార్డ్ డిస్క్ కనబడకపోవడం, ఫైళ్లు కాపీ అవుతూ మధ్యలో నిలిచిపోవడం, అంతా పూర్తయ్యాక వైఫై రాకపోవడం అనేవి ఐదు వేర్వేరు సమస్యలు. వాటికి కారణమయ్యే భాగాలు కూడా వేర్వేరు. కాబట్టి ఆగిన చోటును ముందు కచ్చితంగా గమనించాలి. తెర మీద కనిపించిన చివరి నాలుగు వరుసలను ఫోనుతో ఫొటో తీసుకుంటే అంతకంటే మంచి ఆధారం ఉండదు.

మొదలుపెట్టేముందు

పాత విండోస్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే దాన్ని చెరిపేయడానికి ముందే కొంత సమాచారం రాబట్టుకోవాలి. స్టార్ట్ మెనూలో ఎంఎస్‌ఇన్‌ఫో32 అని వెతికితే వచ్చే పట్టికలో ప్రాసెసర్ పేరు, మదర్‌బోర్డు వివరాలు, ర్యామ్ పరిమాణంతో పాటు బయోస్ మోడ్ అనే వరుస ఉంటుంది (బయోస్ అంటే యంత్రాన్ని మొదట మేల్కొలిపే ప్రోగ్రాం). అక్కడ లెగసీ (పాత బయోస్ పద్ధతి) అని ఉందో యూఈఎఫ్ఐ (దాని స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) అని ఉందో తప్పకుండా రాసుకోవాలి, తరువాత వచ్చే సగం చిక్కులకు సమాధానం ఆ ఒక్క మాటలో ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్, వైఫై పరికరాల ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ విభాగంలో హార్డ్‌వేర్ ఐడీ చూసి రాసుకోవాలి. పెట్టె మీద అచ్చువేసిన పేరు ఒకటే అయినా లోపలి చిప్ ఏడాదికొకటిగా మారుతూ ఉంటుంది కాబట్టి నమ్మదగినది ఆ ఐడీ మాత్రమే. ఐడీలో తయారీదారును సూచించే భాగం 8086 అయితే ఇంటెల్, 1002 అయితే ఏఎండీ లేదా పాత ఏటీఐ, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్.

విండోస్ తెరుచుకోకపోతే ఇదే పనిని లైవ్ పెన్‌డ్రైవ్‌తో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపే పెన్‌డ్రైవ్‌తో చేయవచ్చు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ ఆదేశానికి ఎన్ఎన్‌కే ఎంపిక చేర్చి నడిపితే ప్రతి పరికరం ఐడీ, దాన్ని ఏ డ్రైవర్ నడుపుతోందో వరుసగా కనిపిస్తాయి. ఏదైనా పరికరం కింద డ్రైవర్ వరుస లేకపోతే కెర్నెల్ దాన్ని చూసింది గానీ నడపలేకపోతోందని అర్థం. లైవ్‌లో అరగంట గడిపి శబ్దం, వైఫై, టచ్‌ప్యాడ్, స్లీప్ అన్నీ పరీక్షించడానికి ముందు హార్డ్ డిస్క్ జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

ప్రాసెసర్ 64-బిట్‌దా కాదా అన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. ఇక్కడ పేర్లు మోసం చేస్తాయి. 2006 జనవరిలో వచ్చిన కోర్ డ్యుయో 32-బిట్‌ది, అదే ఏడాది మధ్యలో వచ్చిన కోర్ టూ డ్యుయో 64-బిట్‌ది. చిన్న నెట్‌బుక్‌లలో వాడిన ఆటమ్ ఎన్270 32-బిట్‌ది, 2010 నాటి ఎన్450 64-బిట్‌ది. ఎల్ఎస్‌సీపీయూ ఆదేశం ఇచ్చే జాబితాలో ఆప్-మోడ్ అనే వరుస ఈ సంగతిని తేటగా చెబుతుంది. 64-బిట్ ప్రాసెసర్ ఉండి కూడా విండోస్ 32-బిట్‌ది వేసి ఉన్న యంత్రాలు మన దగ్గర కొల్లలు కనుక, విండోస్ చెప్పే సిస్టమ్ టైప్ చూసి ప్రాసెసర్ గురించి నిర్ణయానికి రాకూడదు.

ప్రాసెసర్ నిజంగానే 32-బిట్‌దైతే దారి ఇరుకు. 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇచ్చిన చివరి డెబియన్ 2023లో వచ్చిన 12వ సంచిక. 2025 ఆగస్టులో వచ్చిన 13లో అది లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 144వ సంచిక తరువాత 32-బిట్ లినక్స్‌కు కొత్త సంచికలు ఆపేసింది. అలాంటి యంత్రాన్ని టైపింగుకో పాటలకో ఉంచుకోవచ్చు గానీ బ్యాంకు పనులకు, ఇంటర్నెట్‌కు వాడాలని దానిపై డబ్బు పెట్టడం తగదు. పాత పెంటియమ్ ఎం ల్యాప్‌టాప్‌లలో పీఏఈ (4 జీబీకి మించిన ర్యామ్‌ను చేరుకునే సామర్థ్యం) లేదంటూ కెర్నెల్ ఆగిపోవడం కనిపిస్తుంది. వాటిలో కొన్నింటికి ఆ సామర్థ్యం ఉన్నా బయటికి చెప్పుకోవు. బూట్ వరుసలో (దాన్ని మార్చే పద్ధతి కింద, స్క్రీన్ నల్లబడే భాగంలో ఉంది) ఫోర్స్‌పీఏఈ అని చేర్చితే అవి ముందుకు కదులుతాయి.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాకపోతే

దించుకున్న ఐఎస్ఓ ఫైలు (ఇన్‌స్టాలర్ మొత్తం ఇమిడి ఉన్న ఫైలు) షా256 సంఖ్యను, అంటే ఫైలు చెక్కుచెదరలేదని తెలిపే గుర్తును, డెబియన్ ప్రచురించిన దానితో సరిపోల్చడం మొదటి పని. నెట్ మధ్యలో తెగి ఫైలు పాడైతే ఆ లోపం వెంటనే బయటపడదు, ఎక్కడో సగం దారిలో వింత రూపంలో తేలుతుంది. తరువాత బూట్ మెనూ తెరవాలి. డెల్, లెనోవోలలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ మదర్‌బోర్డులలో ఎఫ్8 మీటలు సాధారణం. అసెంబుల్డ్ సిస్టమ్‌లలో డిలీట్ మీట నొక్కితే బయోస్ సెట్టింగ్‌లు వస్తాయి.

2012 తరువాతి యంత్రాలలో ఒకే పెన్‌డ్రైవ్ ఆ మెనూలో రెండుసార్లు కనిపించవచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. డిస్క్‌లో విండోస్‌ను కూడా ఉంచుకోదలచుకుంటే అది ఏ పద్ధతిలో ఉందో లినక్స్‌ను కూడా అదే పద్ధతిలో బూట్ చేసి వేయాలి. ఈ నియమాన్ని పాటించకపోతే ఇన్‌స్టాలేషన్ నూరు శాతం పూర్తయి, చివర గ్రబ్ (లినక్స్‌ను బూట్ చేసే ప్రోగ్రాం) వేయడం విఫలమైందనే సందేశం వస్తుంది, లేదా రీస్టార్ట్ తరువాత లినక్స్ జాడే కనిపించదు. మీరు ప్రస్తుతం ఏ పద్ధతిలో బూట్ అయ్యారో తెలియాలంటే సిస్ అనే ఫోల్డరులోని ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు ఉందో లేదో చూడండి. ఉంటే యూఈఎఫ్ఐ, లేకపోతే లెగసీ.

రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు కూడా ఇదే ఎంపిక ఎదురవుతుంది: పాత బయోస్‌కు ఎంబీఆర్, యూఈఎఫ్ఐకి జీపీటీ (ఇవి డిస్క్‌ను విభజించే రెండు పద్ధతులు). పెన్‌డ్రైవ్‌ను వెనుకవైపు ఉన్న యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టడం మేలు. నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులను బూట్ సమయంలో గుర్తించని మదర్‌బోర్డులు చాలా ఉన్నాయి. యూఎస్‌బీ బూట్ అసలే తెలియని మరీ పాత వాటికి డెబియన్ నెట్‌ఇన్‌స్ట్ ఐఎస్ఓను సీడీ లేదా డీవీడీగా కాల్చుకోవడమే సులువైన మార్గం.

ఆటమ్ జడ్3735ఎఫ్ లాంటి బే ట్రయల్ ప్రాసెసర్లున్న చవక ల్యాప్‌టాప్‌లది వేరే విచిత్రం. ప్రాసెసర్ 64-బిట్‌దే అయినా అందులోని యూఈఎఫ్ఐ 32-బిట్‌ది కావడంతో పెన్‌డ్రైవ్‌లో బూట్ఐఏ32 అనే పేరుతో ఈఎఫ్ఐ ఫైలు లేకపోతే అవి దాన్ని చూసీ చూడనట్లు ఊరుకుంటాయి. ఇన్‌స్టాల్ అయ్యాక ఉన్నట్టుండి గడ్డకట్టినట్టు ఆగిపోవడం కూడా ఈ చిప్‌లకు పేరుపడ్డ జబ్బు. బూట్ వరుసలో ఇంటెల్_ఐడిల్ డాట్ మ్యాక్స్_సీస్టేట్ విలువను 1గా పెడితే అది చాలావరకు తగ్గుతుంది, బదులుగా బ్యాటరీ కొంచెం త్వరగా తరుగుతుంది.

మెనూ వచ్చి, ఆ తరువాత స్క్రీన్ నల్లబడితే

ఇక్కడ అనుమానించవలసింది గ్రాఫిక్స్‌నే. కెర్నెల్ తన సొంత డ్రైవర్‌తో స్క్రీన్‌ను చేతిలోకి తీసుకునే క్షణంలో పాత చిప్‌లు తడబడతాయి. యంత్రం చచ్చిపోయిందని స్విచ్ ఆపేముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దీపం వెలిగి ఆరుతూ ఉంటే లోపల వ్యవస్థ నడుస్తోంది, స్క్రీన్ మాత్రమే పోయింది. ల్యాప్‌టాప్ అయితే వెలుతురు పెంచే మీట నొక్కడం, బయటి మానిటర్ తగిలించి చూడడం కూడా అప్పుడే చేయాలి.

గ్రబ్ మెనూలో మీకు కావలసిన వరుసపై ఉండి ‘ఈ’ మీట నొక్కితే బూట్ ఆదేశాలు మార్చడానికి వీలవుతుంది. లెగసీ పద్ధతిలో వచ్చే డెబియన్ ఇన్‌స్టాలర్ మెనూలో అదే పనికి ట్యాబ్ మీట వాడాలి. లినక్స్ అనే పదంతో మొదలయ్యే వరుస చివర ఒక ఖాళీ వదిలి నోమోడ్‌సెట్ అని చేర్చి, ఎఫ్10తో బూట్ చేయండి. ట్యాబ్‌తో మార్చినట్లయితే ఎంటర్ చాలు. అప్పుడు బొమ్మ కనబడితే రోగం గ్రాఫిక్స్ డ్రైవర్‌దేనని తేలిపోయినట్టే. అయితే నోమోడ్‌సెట్ ఒక పరీక్ష మాత్రమే, మందు కాదు. దాన్ని శాశ్వతంగా ఉంచేస్తే రెజల్యూషన్ తగ్గి, వీడియోల భారమంతా ప్రాసెసర్ మీద పడి, యంత్రం మరీ నెమ్మదిగా అనిపిస్తుంది. ఇన్‌స్టాల్ అయ్యాక సరైన ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీలు వేసి దాన్ని తీసేయాలి.

ఆ తరువాతి దారి చిప్‌ను బట్టి ఉంటుంది. ఇంటెల్ సొంత గ్రాఫిక్స్, అంటే జీ31, జీ41 బోర్డుల నుంచి మొదలుకొని హెచ్‌డీ గ్రాఫిక్స్ వరకు, సాధారణంగా ఇబ్బంది పెట్టవు. పాత రేడియాన్ కార్డులకు ఫర్మ్‌వేర్ ప్యాకేజీ ఉంటే చాలు. ఎన్‌విడియా దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. జీఫోర్స్ 8, 9, 200 వరుసలకు పనికొచ్చే 340 డ్రైవర్‌కు ఆ సంస్థ 2019తో, ఫెర్మి కార్డుల 390 డ్రైవర్‌కు 2022తో మద్దతు ముగించింది. కొత్త కెర్నెల్‌లతో వాటిని కుదిర్చడానికి రాత్రులు వెచ్చించడం కన్నా నువో అనే స్వేచ్ఛా డ్రైవర్‌తో సర్దుకోవడమో, డెస్క్‌టాప్ అయితే కార్డు పీకేసి మదర్‌బోర్డుకున్న వీజీఏ పోర్టు వాడుకోవడమో తెలివైన పని. చివరిగా, ఇంటెల్ పేరుతోనే వచ్చినా లోపల పవర్‌వీఆర్ చిప్ ఉన్న జీఎంఏ 500, జీఎంఏ 3600 నెట్‌బుక్‌లు ఉన్నాయి. వాటికి బొమ్మ వస్తుంది గానీ త్రీడీ వేగం రాదు. అలాంటి దానిపై నోమ్ డెస్క్‌టాప్ వేయాలన్న ఆశ వదులుకొని తేలికైన ఎల్ఎక్స్‌డీఈతో సరిపెట్టుకోవాలి.

నోమోడ్‌సెట్‌తో కూడా కదలకపోతే చివరి వరుసల ఫొటోలో ఏసీపీఐ (కరెంటు వాడకాన్ని, పరికరాల అమరికను చూసే వ్యవస్థ) అనే మాట ఉందేమో చూడండి. ఉంటే మొదట నోఏపీఐసీ, అదీ పనిచేయకపోతే ఏసీపీఐ=ఆఫ్ ప్రయత్నించవచ్చు. రెండోది యంత్రం సొంతంగా పవర్ ఆఫ్ కాకపోవడం, బ్యాటరీ శాతం చూపకపోవడం లాంటి కొత్త లోపాలు తెస్తుంది కనుక దాన్ని ఆఖరి అస్త్రంగానే ఉంచుకోవాలి. బయోస్‌కు తయారీదారు ఇచ్చిన చివరి అప్‌డేట్ వేస్తే ఇలాంటి చిక్కులు కొన్ని మూలంలోనే పోతాయి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే మదర్‌బోర్డు పనికిరాకుండా పోతుంది కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోకండి.

డిస్క్ కనబడకపోయినా, కాపీ మధ్యలో ఆగినా

ఇన్‌స్టాలర్‌కు డిస్క్ కనబడకపోతే బయోస్‌లో సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే మార్గం) మోడ్ చూడాలి. అది రెయిడ్ లేదా ఇంటెల్ ఆర్ఎస్‌టీ అని ఉంటే ఏహెచ్‌సీఐకి మార్చితే సాధారణంగా సమస్య తీరుతుంది. అదే డిస్క్‌లో విండోస్ ఉంచుకోదలచినవారు మాత్రం ముందుగా విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకునేలా అమర్చి, ఆ తరువాతే బయోస్‌లో మార్చాలి. నేరుగా మార్చితే విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. పాత బయోస్ ఉన్న యంత్రంలో డిస్క్‌ను జీపీటీ పద్ధతిలో విభజిస్తే గ్రబ్ కోసం 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ అవసరమవుతుంది. డిస్క్ 2 టీబీ లోపుదైతే ఆ తంటా లేకుండా ఎంబీఆర్ పద్ధతే సుఖం.

కాపీ ఒక్కోసారి ఒక్కో శాతం దగ్గర ఆగుతుంటే అది కంపాటిబిలిటీ సమస్య కాదు, అరిగిన వస్తువు సమస్య. ఈ తేడా గుర్తించక కెర్నెల్ ఎంపికలతో కుస్తీ పట్టేవారే ఎక్కువ. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్‌ను కనీసం ఒక పూర్తి విడత నడిపి, ఒక్క ఎర్ర వరుస వచ్చినా ర్యామ్ ముక్కలను ఒక్కొక్కటిగా తీసి పరీక్షించండి. రబ్బరుతో వాటి బంగారు అంచులు తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెడితేనే బాగుపడ్డ సందర్భాలు తక్కువేమీ కాదు. డిస్క్ కోసం స్మార్ట్‌సీటీఎల్ ఆదేశం ఇచ్చే పట్టికలో 5వ, 197వ అంశాలను చూడాలి. వాటి అసలు విలువలు సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌ను నమ్మకూడదు. 199వ అంశం మాత్రమే పెరుగుతుంటే డిస్క్ మంచిదే కావచ్చు, ముందు సాటా కేబుల్ మార్చి చూడండి. పాత కంప్యూటరుపై ఒక్కసారే డబ్బు పెట్టగలిగితే దాన్ని 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ మీద పెట్టమంటాను. సాటా వేగం 3 జీబీపీఎస్‌కు పరిమితమైన పాత బోర్డులో కూడా తేడా స్పష్టంగా తెలుస్తుంది. ర్యామ్ కొనేటప్పుడు మాత్రం మదర్‌బోర్డు పరిమితి తెలుసుకోవాలి. జీ31 చిప్‌సెట్ 4 జీబీకి మించి అంగీకరించదు. డీడీఆర్2 ముక్కలు ఇప్పుడు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవలసిందే.

వైఫై

2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ కలిపి ఇస్తున్నారు కాబట్టి ఇంటెల్, రియల్‌టెక్ కార్డులలో చాలావరకు మొదటి నుంచే పనిచేస్తాయి. ఎథెరాస్ పాత కార్డులకు, అంటే ఏటీహెచ్9కే డ్రైవర్ నడిపే పీసీఐ రకాలకు, ఫర్మ్‌వేర్ అవసరమే లేదు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఎంచుకునే అవకాశం ఉంటే అవి ఉన్నది తీసుకోండి.

బ్రాడ్‌కామ్ దగ్గర చిక్కు ముదురుతుంది. బీసీఎం4312 లాంటి వాటికి బీ43 డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉన్నా, దాని ఫర్మ్‌వేర్‌ను పంచడానికి లైసెన్స్ ఒప్పుకోదు కనుక ఫర్మ్‌వేర్-బీ43-ఇన్‌స్టాలర్ అనే ప్యాకేజీ దాన్ని నెట్ నుంచి తెచ్చుకుంటుంది. వైఫై కోసం నెట్ కావాలి, నెట్ కోసం వైఫై కావాలి. దీనికి విరుగుడు మీ జేబులోనే ఉంది: ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని తీగ నెట్‌వర్క్‌గా గుర్తిస్తుంది, ప్రత్యేకంగా ఏ డ్రైవర్ వేయనక్కరలేదు. అలా ఫర్మ్‌వేర్ దించుకొని రీస్టార్ట్ చేయండి. బీసీఎం4313కు బీ43 కాకుండా బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్ అనే వేరే డ్రైవర్ ఉంది. కొన్ని చిప్‌లకు బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ అనే మూసిన డ్రైవర్ తప్ప గతి లేదు, అది కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ తయారవ్వాలి. ఒకే కార్డుకు రెండు మూడు డ్రైవర్లు వేస్తే అవి ఒకదానికొకటి అడ్డుపడతాయి కాబట్టి ఐడీ చూసి ఒక్కటే ఎంచుకోవాలి.

డ్రైవర్ ఉండి కూడా నెట్‌వర్క్‌లు కనబడకపోతే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అనే ఆదేశం నడపండి. హార్డ్ బ్లాక్డ్ దగ్గర యెస్ అని ఉంటే ల్యాప్‌టాప్ పక్కన ఉన్న వైఫై స్విచ్‌నో, కీబోర్డు పై వరుసలోని వైఫై మీటనో చూడాలి. కార్డు మార్చేద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక: పాత థింక్‌ప్యాడ్‌లు, కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు బయోస్‌లో ఆమోదించిన కార్డులనే ఒప్పుకుంటాయి. వేరేది పెడితే థింక్‌ప్యాడ్‌లో 1802, హెచ్‌పీలో 104 సంఖ్యతో సందేశం చూపి బూట్ కావడం ఆపేస్తాయి. అలాంటి వాటికి యూఎస్‌బీ వైఫై డాంగిల్ నయం.

నెట్ కలిసినా వెబ్‌సైట్లన్నీ సర్టిఫికేట్ చెల్లదంటుంటే, లేదా ఏపీటీ (డెబియన్‌లో ప్యాకేజీలు దించి వేసే ప్రోగ్రాం) తన జాబితా ఫైలు ఇంకా చెలామణిలోకి రాలేదంటుంటే, గడియారం చూడండి. మదర్‌బోర్డుపై ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్లకు ఏళ్లు వెనక్కు పోతుంది. కొత్త బ్యాటరీ వేసి బయోస్‌లో తేదీ సరిచేస్తే ఆ తప్పులన్నీ ఒకేసారి పోతాయి. బ్యాటరీ అయిపోయిన యంత్రం సాటా మోడ్ లాంటి సెట్టింగ్‌లను కూడా మరిచిపోగలదు. నిన్న కనిపించిన డిస్క్ ఈరోజు కనబడకపోతే ఇది కూడా గుర్తుంచుకోవాలి.

రీస్టార్ట్ తరువాత, ప్రింటర్ల దగ్గర

అంతా సవ్యంగా పూర్తయినా యంత్రం లినక్స్‌ను పట్టించుకోకుండా నేరుగా విండోస్‌లోకి వెళ్తుంటే, ఆ యూఈఎఫ్ఐ విండోస్ పేరున్న నమోదును తప్ప మరొకదాన్ని లెక్కచేయని రకమై ఉండవచ్చు. డెబియన్ ఇన్‌స్టాలర్ ఎక్స్‌పర్ట్ పద్ధతిలో గ్రబ్‌ను రిమూవబుల్ మీడియా మార్గంలో కూడా వేయమంటారా అని అడుగుతుంది. అప్పుడు అవునంటే చాలా యంత్రాలు దారికొస్తాయి.

బూట్ వరుసలో చేర్చిన ఏదైనా మాట నిజంగా అవసరమేనని తేలితే దాన్ని ఈటీసీలోని డీఫాల్ట్ ఫోల్డరులో ఉన్న గ్రబ్ ఫైలులో రాసి, అప్‌డేట్-గ్రబ్ ఆదేశం నడపాలి. లేకపోతే తరువాతి బూట్‌కు అది ఉండదు. కెర్నెల్ అప్‌డేట్ అయినా పాత కెర్నెల్‌ను కొన్నాళ్లు తీసేయకండి. కొత్తది మొరాయిస్తే గ్రబ్‌లోని అడ్వాన్స్‌డ్ ఎంపికల నుంచి పాతదానితో తెరుచుకోవచ్చు.

ఇక ప్రింటర్లు. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే రెండింటి గురించి ముందే తెలుసుకోవాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ ఎక్కించుకుంటుంది. హెచ్‌పీలిప్ ప్యాకేజీతో పాటు దాని ప్లగిన్ కూడా వేస్తే పనిచేస్తుంది. కానన్ ఎల్‌బీపీ2900 ఆ సంస్థ సొంత క్యాప్ట్ పద్ధతిలో మాత్రమే మాట వింటుంది, కాబట్టి దాన్ని లినక్స్‌లో కుదర్చడం శ్రమతో కూడిన పని. ప్రింటింగ్ మీదే బతుకుతెరువు ఉన్నవారు లైవ్ పెన్‌డ్రైవ్‌లోనే దీన్ని తేల్చుకోవాలి. పాత డీటీపీ ఫైళ్లు అను ఫాంట్లలో ఉన్నవారిది కూడా ఇదే పరిస్థితి. ఆ ఫైళ్లు యూనికోడ్‌లో ఉండవు కనుక లినక్స్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. కొత్తగా తెలుగు టైపు చేయడానికి మాత్రం ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలతో ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ పద్ధతులు మూడూ దొరుకుతాయి, అక్షరాల కోసం ఫాంట్స్-తెలు ప్యాకేజీ వేస్తే సరిపోతుంది. పాత ఫైళ్ల పని ఇంకా మిగిలి ఉంటే విండోస్‌ను ఒక చిన్న పార్టిషన్‌లో ఉంచి, నెట్ తీసేసి, ఆ పనికి మాత్రమే తెరవండి.